ఎంగిలి అద్దాలు

పిచ్చమ్మ బోరింగు కింద బిందె పెట్టి, పైట దోపుకుని, పిడి మీద చెయ్యి వేసిందో లేదో వెనకనుంచి చెంచులక్ష్మి గొంతు వినిపించింది.

"ఏమక్కా, మా బావ కళ్ళద్దాలు ఈమధ్య తెగ మెరుస్తుండాయే! రోజూ నువ్వే తోమి పంపిస్తుండావా?"

చెంచులక్ష్మి రైసుమిల్లు కళ్ళంలో వడ్లు ఎండబోసే పని చేస్తుంది. మిల్లులో జరిగే సంగతులు యజమానికన్నా ముందు ఆమెకు తెలుస్తాయి. ఆమెకు తెలిశాక ఊరికి తెలియడానికి ఎంతోసేపు పట్టదు. పిచ్చమ్మ మొగుడు హజరత్తయ్య ఆ మిల్లులోనే ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే కాగు దగ్గర పెద్దపనివాడు.

"తోమడానికి అవేమన్నా గిన్నెలా?" అంది పిచ్చమ్మ పిడి కొడుతూ.

"అయితే నువ్వు కాదన్నమాట." చెంచులక్ష్మి గొంతు తగ్గించింది. తగ్గించినా అక్కడున్న నలుగురు ఆడవాళ్ళకూ బాగానే వినిపించింది. "పోనీలే, ఎవురో ఒకరు చూసుకుంటుండారు గదా. కాగు కాడ ఆవిరికి అద్దాలు మసకబారిపోతాయంట. ఆ మాలకొండమ్మ ఎంగిలి పూసి తుడిచి పెడతాది. ఎంగిలి పూస్తే ఆవిరి పట్టదంట. నీకు తెలుసునేమోననుకున్నా అక్కా."

బిందె నిండి పొర్లింది. పిచ్చమ్మ ఇంకా పిడి కొడుతూనే ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఎంగిలి అనేది ఆ ఊళ్ళో చిన్న మాట కాదు. తల్లి కొరికి ఇచ్చిన జామకాయ బిడ్డ తింటుంది. మొగుడు తిన్న కంచంలో పెళ్ళాం అన్నం పెట్టుకుంటుంది. ఆ రెండూ దాటి ఒకరి ఎంగిలి ఇంకొకరికి అంటిందంటే దానికి ఏదో ఒక పేరు పెట్టాల్సిందే. ఆ పేరు ఏమిటో బోరింగు దగ్గరున్న వాళ్ళందరికీ తెలుసు. పిచ్చమ్మకు కూడా తెలుసు కాబట్టే బిందె నడుముకెత్తుకుని, ఒలికిన నీళ్ళకు చీర తడుస్తున్నా పట్టించుకోకుండా ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం హజరత్తయ్య వచ్చి, కాళ్ళు కడుక్కుని, కళ్ళద్దాలు తీసి గూట్లో పెట్టి, పంచలో మంచం మీద వాలాడు. నల్లటి చట్రం, ఒకవైపు కాడ విరిగితే దారం చుట్టి కట్టుకున్నాడు. పిచ్చమ్మ గూటి దగ్గరికి పోయి వాటిని చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. ఊక పొగ వాసన, ఉడికిన వడ్ల వాసన. మాలకొండమ్మ వాసన ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు, అదొక్కటే చిక్కు.

*

మరునాడు పొద్దున పిచ్చమ్మ కావాలనే కూర ఆలస్యం చేసింది. "నువ్వు పో, నేను తెచ్చిస్తాలే" అంది. హజరత్తయ్య ఉత్తచేతులతో పోయాడు. ఎండ నెత్తికెక్కే వేళకు ఆమె క్యారియరు పట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, మిల్లుకు బయలుదేరింది. ఉతికిన చీర ఎందుకు కట్టుకుందో అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది.

మిల్లుకు కొత్తగా కరెంటు వచ్చింది. ఆడించే మిషన్లు కరెంటుతో తిరుగుతున్నా, వడ్లు ఉడికించడానికి మాత్రం పాతపద్ధతే: ఊక పొయ్యి, దాని మీద నీళ్ళ బాయిలరు, అందులోంచి గొట్టం గుండా ఆవిరి కాగులోకి. కాగు అంటే మనిషికన్నా ఎత్తయిన ఇనప డోలు. రాత్రంతా తొట్లలో నానిన వడ్లు పైనుంచి అందులో పోస్తారు. ఆవిరి వదిలాక కాసేపటికి గింజ పొట్టు సన్నగా పగులుతుంది. దాన్ని నోరు తెరవడం అంటారు. నోరు తెరిచిన వెంటనే ఆవిరి గొట్టం కట్టేసి, అడుగు తలుపు లాగి దించాలి. ముందు దించితే లోపల పచ్చి మిగిలి మిషన్లో నూకైపోతుంది. ఆలస్యమైతే ముద్దవుతుంది. ఆ గింజ చూసేవాడే పెద్దపనివాడు. హజరత్తయ్య ఆ పనిలో ముసలివాడవుతున్నాడు. అన్నేళ్ళు వేడి గింజ నలిపి నలిపి అతని వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. కొరికి చూద్దామంటే నోరు ఎప్పుడూ పొగాకుతో నిండి ఉంటుంది. ఇక ఆ పనికి మిగిలింది కళ్ళే.

పిచ్చమ్మ ఊక గుట్ట పక్కన నిలబడింది. ఆవిరి తెల్లగా ఎగదన్నుతోంది. దాని మధ్యలో మెట్ల మీద మొగుడు, అతని పక్కన ఒక ఆడది.

మాలకొండమ్మ తడ అనే ఊరి వైపునుంచి బతకడానికి వచ్చింది. మొగుడు మద్రాసులో ఉన్నాడంటారు, చూసినవాళ్ళు లేరు. పొడుగ్గా, ఎండిపోయినట్టుగా, దవడలు పైకి తేలి ఉంది. పిచ్చమ్మ మనసు అది చూసి కుదుటపడాల్సింది. పడలేదు. అందగత్తె అయితే అందానికి పడిపోయాడనుకోవచ్చు. ఇలాంటిదాని దగ్గర ఏముందని పోతున్నాడన్న ప్రశ్నకు జవాబు దొరక్క ఇంకా మండింది.

హజరత్తయ్య పొడుగాటి గరిటెతో గింజలు తీసి అరచేతిలో పోసుకున్నాడు. ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఆవిరి పట్టిందే" అన్నాడు. అని, చిన్నపిల్లవాడిలాగా ముఖం పక్కకు చాపాడు. మాలకొండమ్మ అతని ముఖం మీదనుంచి కళ్ళద్దాలు తీసింది. నాలుక కొసతో ఒక అద్దం, తర్వాత ఇంకో అద్దం తడిపింది. పైట కొంగుతో గుండ్రంగా రుద్దింది. వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ అతని చెవుల మీద తగిలించింది. చెవి వెనక దారం ముడి సరిగ్గా కూర్చోకపోతే వేలితో సర్దింది కూడా.

పిచ్చమ్మ తన జన్మలో మొగుడి చెవి వెనక ఎప్పుడూ వేలు పెట్టలేదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఇద్దరూ ఆ అరచేతి మీదికి తలలు వంచారు. మాలకొండమ్మ పెదాలు కదిలీ కదలకుండా ఏదో అంది. హజరత్తయ్య తలెత్తి "కట్టెయ్! దించండిరా!" అని మిల్లు అదిరేటట్టు అరిచాడు. అడుగు తలుపు తెరుచుకుంది, వడ్లు పొగలు కక్కుతూ నేల మీద పడ్డాయి. కూలీలు గంపలతో పరుగెత్తారు. మెట్ల మీద వాళ్ళిద్దరూ ఒకరి పక్కన ఒకరు అట్లాగే నిలబడి ఉన్నారు.

చెవిలో చెప్పుకునే మాటలు కూడా ఉన్నాయన్నమాట. పిచ్చమ్మ క్యారియరు కూలీవాడి చేతికిచ్చి, మొగుడి కంటపడకుండా వెనక్కి తిరిగింది. దారిపొడుగునా ఎండ కనిపించలేదు ఆమెకు.

*

"ఎవురిదయ్యా ఆ ఎంగిలి?" అంది ఆ సాయంత్రం, అతను గడపలో కాలు పెట్టకముందే.

"ఏ ఎంగిలి?"

"నీ ముక్కు మీద మోస్తుండేది."

హజరత్తయ్య ముక్కు తడుముకున్నాడు. అర్థమయ్యాక నీరసంగా నవ్వాడు. "అదా! అది ఎంగిలేంది మే, ఉమ్ము. ఆమె తమ్ముడు మద్రాసు హార్బరులో మునక పని చేస్తాడంట. నీళ్ళలో మునిగేటప్పుడు కళ్ళకు పెట్టుకునే అద్దాలకు ఉమ్మి పూసుకుంటారంట. లేకపోతే లోపల మసకబారిపోయి ఏమీ కనపడదు."

"ఉమ్ముకీ ఎంగిలికీ తేడా ఏంది?"

"కింద పడితే ఉమ్ము..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"మనిషి మీద పడితే ఎంగిలి. చెప్పు, ఆగినావే? మరి నీ నోట్లో తడి ఎండిపోయిందా?"

"నాది పొగాకు నోరు. పూస్తే మరక పడతాది."

ఆ జవాబు ముందే తయారుచేసి పెట్టుకున్నట్టు టక్కున వచ్చింది. పిచ్చమ్మకు అది నచ్చలేదు. "ఆమెకు నువ్వు ఏమవుతావు? అన్నా అంటాదా, బావా అంటాదా? నేను చూసినంతసేపూ వరస పెట్టి పిలిచింది లేదు."

"నువ్వెప్పుడు చూసినావు?"

"చూసినాలే. ఇదిగో, చెపుతుండా ఇనుకో. ఇంకొకదాని ఎంగిలి నా గడప దాటి లోపలికి రాకూడదు."

అని కళ్ళద్దాలు అతని ముఖం మీదనుంచి పీకి, బయట అరుగు మీద పెట్టి వచ్చింది. హజరత్తయ్య గొడవ పడతాడనుకుంది. గొడవపడితే ఇంకా నాలుగు మాటలు దాచిపెట్టుకుని ఉంది. అతను పడలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా లోపలికి వచ్చి, పీట ఎక్కడుందో కాలితో తడుముకుని కూర్చున్నాడు. కంచం పక్కన పెట్టిన నీళ్ళ చెంబు చెయ్యి తగిలి దొర్లింది. అలకలో కూడా ఎంత నటనో అనుకుంది పిచ్చమ్మ. నీళ్ళు తుడవకుండా చాలాసేపు అట్లాగే వదిలేసింది.

*

తిట్టి లాభం లేదని ఆమెకు మరునాటికి తెలిసింది. ఆ ఆడదానితో పని లేకుండా చెయ్యాలి. ఉమ్ము చేసే పని ఏమిటి? అద్దాన్ని జారుగా ఉంచడం. జారుగా ఉండేది లోకంలో ఉమ్ము ఒక్కటేనా?

పిచ్చమ్మ గుప్పెడు కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో వేసింది. నలిపి, పిసికి, నురగ తీసింది. పాత గాజుగ్లాసు ఒకటి తెచ్చి మొదట దాని మీద పూసి చూసింది. నురగ ఎక్కువైతే చారలు పడ్డాయి. తక్కువైతే ఆవిరి పట్టింది. వేలి కొసకు అంటినంత తీసుకుని, అద్దమంతా పరిచి, కాస్త ఆరనిచ్చి, నలిగిన పాత పంచె గుడ్డతో మెల్లగా రుద్దితే పూసినట్టే లేదు. ఆ గ్లాసును ఉడికే అన్నం కుండ మీద పట్టింది. ఆవిరి వచ్చి తగిలింది. గ్లాసు గ్లాసులాగానే ఉంది, అవతలి గోడ మీద బల్లి కూడా కనిపిస్తోంది.

ఆ బల్లిని చూసి పిచ్చమ్మ పడ్డ సంతోషం కూతురి పెళ్ళిలో కూడా పడి ఉండదు.

హజరత్తయ్య అద్దాలకు రెండువైపులా అట్లాగే చేసి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. "ఇంక ఆవిరి పట్టదు. ఎవురి నోటి దగ్గరికీ పోయే పని లేదు" అంది. హజరత్తయ్య వాటిని పెట్టుకుని కాసేపు ఊరకే నిలబడ్డాడు. "బాగుండాయి" అన్నాడు. సంతోషించినట్టు కనపడలేదు. ఎందుకు సంతోషిస్తాడు, తన ముచ్చట తీరిపోతుంటే, అనుకుంది పిచ్చమ్మ.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అసూయ పట్టిన మనిషికి సగం గెలుపు చాలదు. ఆమె మిల్లు మేస్త్రీ చెంచురామయ్య ఇంటికి పోయి, అరుగు కింద నిలబడి, అన్నా అని పిలిచింది.

"కాగు కాడ ఆ తడామెతో ఇంక పని లేదన్నా. అద్దాలకు ఆవిరి పట్టకుండా నేను మందు కనిపెట్టినా. ఆమెను యాడన్నా వేరే పనికి మార్చు. మా ఇంట్లో కూడు సయించడం లేదు."

చెంచురామయ్యకు అంతా ముందే తెలుసు. మీసంలో నవ్వుకున్నాడు. "కళ్ళంలో ఎట్టాగూ ఆడోళ్ళు చాలడం లేదు. అక్కడికి పంపిస్తాలే. నువ్వు నెమ్మదిగా కూడు తినమ్మా" అన్నాడు.

ఆ పూట పిచ్చమ్మ నిజంగానే రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

*

మరునాటి సాయంత్రం హజరత్తయ్య ఒక్కడే రాలేదు. వెనక చెంచురామయ్య వచ్చాడు. అరుగు ఎక్కకుండానే అందుకున్నాడు.

"ఏమ్మా, మందు కనిపెట్టినానంటివే! నీ మొగుడు కాగుడు వడ్లు గంజి కాసి పెట్టినాడు. గింజ నోరు తెరవడం గాదు, నోట్లో నాలిక కూడా బయటపడింది. ఏందయ్యా అంటే ఆవిరి పట్టింది, కనపడలా అంటుండాడు. యజమాని ఎగిరెగిరి పడినాడు. నేను అడ్డం పడి ఆపినా. ఇంకొక్క కాగు ఇట్టా పోయిందంటే ఓబయ్యను పెట్టమన్నాడు. అప్పుడు నన్ను అనుకోవద్దు."

ఓబయ్య అంటే హజరత్తయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. హజరత్తయ్య చేతులు కడుక్కుని మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేవలేదు.

పిచ్చమ్మకు మొదట వచ్చింది దుఃఖం కాదు, రోషం. నా నురగకు ఆవిరి పట్టిందా? పట్టలేదు. పట్టదు. ఆమె కళ్ళతో ఆమె చూసింది. పట్టిందని చెప్పాడంటే ఆ ఆడదాన్ని మళ్ళీ తెచ్చిపెట్టుకోవడానికి వేసిన ఎత్తు అన్నమాట. దానికోసం కాగుడు వడ్లు తగలబెట్టాడన్నమాట! పొద్దున లేవగానే రుజువు చేసి, ముఖం మీద నిలదీయాలనుకుంది.

తెల్లవారింది. సముద్రం వైపునుంచి చల్లటి గాలి వీస్తోంది. అన్నం కుండ పొయ్యి మీద కుతకుతలాడుతోంది. పిచ్చమ్మ కళ్ళద్దాలు తీసుకుని కుండ మీద పట్టింది. ఆవిరి అద్దాల చుట్టూ సుడులు తిరిగింది. అద్దాలు స్వచ్ఛంగా ఉన్నాయి. అటు తిప్పి పట్టింది, ఇటు తిప్పి పట్టింది. చుక్క మసక లేదు.

వాటినీ, గంజి గ్లాసునూ పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. హజరత్తయ్య తూర్పుకు తిరిగి, పుల్లతో పళ్ళు తోముకుంటూ కూర్చుని ఉన్నాడు. ఎండ సూటిగా ముఖం మీద పడుతోంది.

"ఇదిగో, పెట్టుకో" అంది గట్టిగా.

పెట్టుకున్నాడు. ఆమె గంజి గ్లాసు ఒక చేత్తో చాపింది, రెండో చెయ్యి నడుముకు పెట్టుకుంది. తిట్లన్నీ నాలుక కొసన వరసగా నిలబడి ఉన్నాయి.

హజరత్తయ్య చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసు పక్కనుంచి పోయింది. ఇంకొంచెం ముందుకు పోయి, ఆమె మోచేతికి తగిలి, అక్కడనుంచి తడుముకుంటూ గ్లాసు దగ్గరికి వచ్చింది. కళ్ళు చికిలించి ఆమె ముఖం వైపు, ఆమె ముఖానికి కాస్త పక్కగా, చూస్తూ అన్నాడు:

"ఆవిరి పట్టినట్టుండాది మే. కాస్త తుడిచి ఇయ్యి."

పిచ్చమ్మ నడుము మీది చెయ్యి చాపి వేలితో అద్దాన్ని తాకింది. పొడిగా ఉంది. కుండ ఎక్కడో వంటింట్లో ఉంది. అరుగు మీద చలిగాలి తప్ప ఆవిరి అన్నదే లేదు.

అప్పుడు చూసింది అతని కళ్ళలోకి. అన్నేళ్ళు చూసిన కళ్ళే. నల్లగుడ్డు మధ్యలో పలచటి గంజిచుక్క పడినట్టు తెల్లగా ఉంది. రెండింట్లోనూ ఉంది. ఆవిరి అద్దాల మీద లేదు, వాటి వెనక ఉంది.

ఆ రోజు గోడ పట్టుకుని నడిచిన నడక, కాలితో వెతుక్కున్న పీట, దొర్లిన చెంబు, ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే ఇంకో సంగతి సూదిలాగా గుచ్చుకుంది. మాలకొండమ్మ పెదాలు కదిలీ కదలకుండా చెప్పిన మాట. అది సరసం కాదు. "తెరిచినాయి" అన్న ఒక్క మాట. అతని కళ్ళు కనపడవని ఆ ఆడదానికి తెలుసు. కట్టుకున్నదానికి తెలియకముందే దానికి తెలుసు. ఎంగిలి అంటించుకున్నందుకు మండినదానికంటే ఇది పదింతలు మండింది.

"తుడువు మే" అన్నాడు హజరత్తయ్య మళ్ళీ.

ఆమె అద్దాలు తీసి, పైట కొంగుతో ఉత్తుత్తగా రుద్ది, మళ్ళీ పెట్టింది.

"ఆఁ, ఇప్పుడు బాగుండాది" అన్నాడు అతను.

*

మిల్లు కళ్ళంలో వడ్లు పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు వాటిని కొయ్యపలకలతో పలచగా నెరుపుతున్నారు. మాలకొండమ్మ ఒక మూల ఒంటరిగా, కాళ్ళతో వడ్లు తిరగేసుకుంటూ సాళ్ళు తీస్తోంది. పిచ్చమ్మ ఆ వేడి వడ్ల మీదే నడుచుకుంటూ ఆమె దగ్గరికి పోయింది. చెంచులక్ష్మి పలక ఆపి, తమాషా మొదలవుతుందని నడుం నిటారు చేసింది.

"నీకు ఎప్పుడు చెప్పినాడు?" అంది పిచ్చమ్మ గొంతు అణిచి.

మాలకొండమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "ఏది అక్కా?"

"ఆయన కళ్ళ సంగతి."

"ఆయన నాకు చెప్పలేదు." మాలకొండమ్మ మళ్ళీ సాలు తీయడం మొదలుపెట్టింది. "నేనే కనుక్కున్నా. మొదట్లో నిజంగానే ఆవిరి పడతా ఉండె, తుడిచి ఇస్తా ఉంటి. అప్పుడు ఒకరోజు తుడిచిన అద్దం మళ్ళీ తుడువు అన్నాడు. ఇంకోరోజు, కాగు చల్లగా ఉండేటప్పుడు అన్నాడు. అర్థమైపోయింది. అడిగితే మగోడు సిగ్గు పడతాడని అడగలేదు. తుడిచి పెట్టి, గింజ చూసి, నాలో నేను అనుకునేటట్టు చెప్తా ఉంటి. నాకు తెలుసునని ఆయనకు ఇప్పటికీ తెలవదు."

పిచ్చమ్మకు కాళ్ళ కింద వడ్లు చురుక్కుమన్నాయి. అతను చెప్పలేదు. చెప్పి ఉంటే అతన్ని తిట్టుకుని ఊరుకునేది. కనుక్కోవడం అన్నది ఇంకో సంగతి.

"ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదే" అంది. అది ఎవరితో అందో ఆమెకే తెలియదు.

"నువ్వు ఎప్పుడన్నా తుడిచి ఇచ్చినావా అక్కా?" అంది మాలకొండమ్మ. దెప్పిపొడవడానికి కాదు, మామూలుగానే అడిగింది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

చెంచురామయ్య కాగు వైపునుంచి వస్తూ కనిపించాడు. కాగులో అప్పుడే కొత్త వడ్లు పోస్తున్నారు. మెట్ల కింద ఓబయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, పిలిస్తే ఎక్కడానికి సిద్ధంగా. హజరత్తయ్య మెట్ల పైన గరిటె పట్టుకుని, ఒంటరిగా, ఎటో చూస్తున్నాడు. కాసేపట్లో ఆవిరి వదులుతారు.

పిచ్చమ్మకు నిజం చెప్పడానికి లేదు. చెబితే ఈ పూటే ఓబయ్య మెట్లెక్కుతాడు. చెప్పగలిగిన మాట ఒక్కటే ఉంది. ఆ మాట నోటికి తెచ్చుకోవడం కన్నా మండే ఊకలో చెయ్యి పెట్టడం సులువు.

"అన్నా!" అంది. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. కళ్ళంలో పలకలన్నీ ఆగిపోయాయి. "నా మందు పనికిరాలేదు."

"అది నిన్ననే తెలిసిపోయిందిలేమ్మా" అన్నాడు చెంచురామయ్య.

"కుంకుడు నురగకు ఆవిరి ఆగడం లేదు. ఈమెను మళ్ళీ కాగు కాడికి పంపించు." ఊపిరి పీల్చుకుంది. "ఈమె ఎంగిలే కావాల. అదైతేనే ఆయనకు కనపడతాది."

చెంచులక్ష్మి పకాలున నవ్వింది, దాని వెంట కళ్ళమంతా నవ్వింది. ఎవరో ఈల కూడా వేశారు. ఊరి చరిత్రలో ఒక పెళ్ళాం నోరు తెరిచి, నా మొగుడికి ఆ ఆడదాని ఎంగిలి కావాలని మేస్త్రీని అడగడం ఇదే మొదలు. ఈ మాట బోరింగు దగ్గరికి తనకన్నా ముందే చేరుతుందని పిచ్చమ్మకు తెలుసు. చెవులు భగభగమంటున్నాయి. తల మాత్రం దించలేదు.

చెంచురామయ్య నవ్వు ఆపుకుని, "పోమ్మా పో, ఆవిరి వదులుతుండారు" అని మాలకొండమ్మకు చెయ్యి ఊపాడు.

మాలకొండమ్మ నవ్వలేదు. పిచ్చమ్మను ఒకసారి చూసి, కాళ్ళకు అంటిన వడ్లు దులుపుకుని, పరుగులాంటి నడకతో పోయింది. మెట్లెక్కింది. హజరత్తయ్య ముఖం చాపాడు. ఆమె అద్దాలు తీసి, నాలుక కొసతో తడిపి, రుద్ది, తగిలించింది. ఆవిరి ఎగదన్నింది. గరిటె లేచింది. రెండు తలలు అరచేతి మీదికి వంగాయి. పిచ్చమ్మ ఊక గుట్ట పక్కన నిలబడి అంతా చూసింది. మండింది. మండనీలే అనుకుంది.

"కట్టెయ్! దించండిరా!" అన్న కేక వినిపించాక ఇంటిదారి పట్టింది.

*

ఆ సాయంత్రం హజరత్తయ్య గడప దగ్గరికి వచ్చి ఆగాడు. ఆమె పెట్టిన షరతు గుర్తొచ్చి కళ్ళద్దాలు తీసి అరుగు మీద పెట్టబోయాడు.

"లోపలికి తీసుకురా" అంది పిచ్చమ్మ.

వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా చతికిలబడి, అతని ముఖం మీదనుంచి అద్దాలు తీసుకుంది. కాసేపు చేతిలో తిప్పింది. తర్వాత నాలుక కొసతో ఒక అద్దం తడిపింది. ఊక పొగ చేదుగా తగిలింది. అందులో ఇంకెవరి రుచి ఉందో వెతకకూడదనుకుంటూనే వెతికింది. రెండో అద్దం కూడా తడిపి, కొంగుతో గుండ్రంగా రుద్ది, అతని చెవులకు తగిలించి, వెనక దారం ముడి వేలితో సర్దింది. చెవి వెనక చర్మం మెత్తగా ఉంది.

హజరత్తయ్య ముఖం అట్లాగే చాపి ఉంచాడు.

"నా కళ్ళకు గూడా ఈమధ్య ఆవిరి పడుతుండాది" అంది పిచ్చమ్మ. "అద్దాలు లేకుండానే పడుతుండాది. నెల్లూరు పెద్దాసుపత్రిలో కంటి డాక్టరుకు చూపించాల. కంట్లో తెల్లగా ఏదన్నా ఉంటే తీసేస్తారంట. సీజను అయిపోయి మిల్లు కట్టేసినాక పోదాం. ఒక్కదాన్నే పోవాలంటే భయం. నువ్వు తోడు రావాల."

అతను అద్దాలు ఒకసారి వేలితో సర్దుకున్నాడు.

"తోడు వస్తాలే" అన్నాడు. "నువ్వొక్కదానివే ఎట్టా పోతావు, చూపు సరిగ్గా లేకుండా."

పిచ్చమ్మ కంచం పెట్టి, చెంబు అతని చేతికి తగిలేటట్టు జరిపింది. అన్నం కలుపుకుంటున్న మొగుణ్ణి చూస్తూ కూర్చుంది. నాలుగు ముద్దలు తిననిచ్చింది. అంతకంటే ఓపిక పట్టడం ఆమె వల్ల కాలేదు.

"ఒకటి చెప్పు. ఆమె తుడిస్తే బాగా కనపడతాదా, నేను తుడిస్తేనా?"

హజరత్తయ్య తలెత్తి, మెరుస్తున్న అద్దాల్లోంచి, ఆమె ముఖానికి కాస్త పక్కగా చూశాడు.

"నువ్వు తుడిస్తేనే" అన్నాడు.

అబద్ధమని తెలిసినా, పిచ్చమ్మ అతని చూపు తన మీద పడేటట్టు కాస్త పక్కకు జరిగి కూర్చుంది.